ఏ అక్షరం ముందు?

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి తెలుగు కుర్రాడూ ప్రపంచాన్ని తానే కాపాడుతున్నాననుకునేవాడు. రెండువేల సంవత్సరం పుట్టిన మరుక్షణం విమానాలు దారి తప్పుతాయనీ, లిఫ్టులు మధ్యలో ఆగిపోతాయనీ, దీన్నంతా ఆపగలిగేది మేమేననీ ఊరంతా అంటుంటే, కాదనడానికి మాకేం పట్టింది? అలా వైటూకే పుణ్యమా అని ఇరవై నాలుగేళ్ల వయసులో రెండు సూట్‌కేసులతో, ఒక కుక్కరుతో, మోయలేనంత గర్వంతో నేను సింగపూర్‌లో దిగాను. చేసే పనల్లా పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగంకెలు వెయ్యడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం "ఇక్కడ చాలా పని నా మీదే ఆధారపడి ఉంది" అని రాసేవాణ్ణి. (మా నాన్న ఆ ఉత్తరాన్ని గుళ్లో అందరికీ చదివి వినిపించాడని తర్వాత తెలిసి సిగ్గుతో చచ్చాను. మా వైపు చర్చిని గుడి అనే అంటారు లెండి.)

ఆదివారం మధ్యాహ్నం మాత్రం నేను ప్రపంచాన్ని కాపాడటం ఆపి తెలుగు యవనస్తుల, అంటే పడుచువాళ్ల, సమాజానికి వెళ్లేవాణ్ణి. ఒక పాత చర్చి వాళ్లు దయతలిచి మాకు హాలు ఇచ్చారు. పొద్దున ఇంగ్లీషు ఆరాధన, తర్వాత తమిళ ఆరాధన, వాళ్లంతా మకాన్‌కి, అదే భోజనానికి, వెళ్లాక రెండున్నరకి మేము. మొత్తం ముప్ఫై ఎనిమిది మందిమి. సగం మంది షిప్‌యార్డుల్లోనూ బిల్డింగు పనుల్లోనూ పర్మిట్ మీద చేసేవాళ్లు, మిగతా సగం నాలాంటి కీబోర్డు వీరులు, నలుగురైదుగురు నర్సులు. ఆ నర్సుల్లో ఒకావిడే మా ప్రెసిడెంటు. అందరం నర్సక్క అనేవాళ్లం. ఆవిడ కోపంగా చూస్తే జ్వరం దానంతటదే తగ్గిపోతుందని మాలో ఒక నమ్మకం.

మా సమాజానికి ఒక ఆచారం ఉంది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనకూడదు. లేచి నిలబడి బైబిల్లోంచి ఒక వాక్యం కంఠతా చెప్పాలి. చెప్పకపోతే మనిషి కళ్లెదుట ఉన్నా ఆబ్సెంటే. ఒకరు చెప్పిన వాక్యం ఆ రోజుకి ఇంకొకరు చెప్పకూడదు. వరసగా మూడు వారాలు ఆబ్సెంటయితే పేరు కొట్టేస్తారు. ఇదేం మేం కనిపెట్టింది కాదు. నూరేళ్ల పైచిలుకు కిందట అమెరికా పల్లెటూళ్లలో పడుచువాళ్లు ఆదివారం పూట గుర్రబ్బండ్లు దిగి, చిన్న చిన్న చెక్క చర్చిల్లో కూర్చుని, ఇలా వాక్యం చెప్పి హాజరు వేయించుకునేవాళ్లట. (వాళ్లూ పొట్టి వాక్యాల కోసం కొట్టుకునే ఉంటారు, అందులో నాకేం అనుమానం లేదు.) మిషనరీ దొరలు ఆ ఆచారాన్ని ఓడలో వేసుకొచ్చి మా ఒంగోలు, గుంటూరు పల్లెల్లో దింపారు. మా తాతలు దాన్ని పట్టుకున్నారు. అక్కణ్ణించి సింగపూర్‌కి దాన్ని తెచ్చింది మా ఏసోబన్న.

ఏసోబన్న షిప్‌యార్డులో వెల్డరు. ఒంగోలు పక్క పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఓడ కూత. నేను రావడానికి ఆరేళ్ల ముందు, డార్మిటరీలో నలుగురు స్నేహితుల్ని కూర్చోబెట్టి, ఈ సమాజం మొదలుపెట్టింది ఆయనే. ఆ రూళ్లన్నీ పెట్టిందీ ఆయనే. రిజిస్టరులో పేర్లు చేరిన వరసలో ఉండేవి కాబట్టి మొదటి పేరు ఆయనది, ముప్ఫై ఎనిమిదో పేరు నాది. ఆరేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఆయనకి ఆబ్సెంటు పడలేదు. ఒకసారి కాలికి కట్టుతో, ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని మరీ వచ్చాడట. ఆయనకి చదువు రాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిన ఒకే ఒక వాక్యం వచ్చు. ప్రభువు ఏడ్చాడని చెప్పే మూడు మాటల వాక్యం అది. మేము దాన్ని కన్నీళ్ల వాక్యం అనేవాళ్లం. పిలిచేది ఆయన్నే ముందు కాబట్టి దాన్ని ఇంకొకరు ఎగరేసుకుపోయే భయం లేదు. ప్రతి ఆదివారం ముందు బెంచీలోంచి లేచి, చొక్కా కిందికి లాక్కుని, ఆ మూడు మాటలూ ఫ్యాన్లు ఊగేట్టు చెప్పి, హాలంతా ఒకసారి కలియజూసి కూర్చునేవాడు.

నా గతి చూడండి మరి. ముప్ఫై ఏడు మంది చెప్పాక నా వంతు. సంతోషం గురించి పొట్టిది ఒకటుంది, ప్రార్థన గురించి రెండు మాటలది ఉంది, ఇవన్నీ పదో పేరు లోపే అయిపోయేవి. దాంతో నేను వారం వారం రైల్లో నిలబడి పొడుగు వాక్యాలు బట్టీ పట్టేవాణ్ణి. ఒకసారి ఏదీ మిగలక, తెగించి ఎవరు ఎవర్ని కన్నారో చెప్పే వంశావళి అందుకున్నాను. పద్నాలుగు పేర్లు చెప్పాను. అందులో చివరి నాలుగూ నేనే పుట్టించానని నర్సక్క ఇప్పటికీ అంటుంది.

అలాంటి నన్ను ఆ ఏడు సెక్రటరీని చేశారు. అర్హత ఏమిటంటే నా దగ్గర కంప్యూటరు ఉండటం. చేతికొచ్చిన రిజిస్టరు చూసి నాకు నవ్వాగలేదు. చెమట మరకలు, చిరిగిన అంచులు, పెన్సిలు రాతలు. నాకంటే ముందున్న సెక్రటరీ మెత్తని మనిషి. ఎవరైనా ఆలస్యంగా ఆయాసపడుతూ వస్తే రబ్బరుతో ఆబ్సెంటు చెరిపేసేవాడు. ఇలాగైతే ఎలా అనుకుని, ఆఫీసులో వారం రోజులు భోజనం మానేసి, హాజరుకి ఒక ప్రోగ్రాం రాశాను. పేర్లు పాస్‌పోర్టు స్పెల్లింగు ప్రకారం ఎక్కించి, ఇంగ్లీషు అక్షరాల వరసలో పెట్టాను. మూడు ఆబ్సెంట్లు పడితే ప్రోగ్రామే పేరు తీసేస్తుంది. బతిమాలటాలు, రబ్బర్లు లేవు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. నా పేరు తెలుగులో 'హ'తో మొదలవుతుంది, పాస్‌పోర్టులో ఇంగ్లీషు 'ఏ'తో. (మావాళ్లు ఈపాటికి నా పేరు పట్టేసుంటారు, మిగతావాళ్లకి అంత అవసరం లేదు.) ఏసోబన్న పేరు తెలుగులో 'ఏ'తో, పాస్‌పోర్టులో 'వై'తో. మీట నొక్కగానే ముప్ఫై ఎనిమిదోవాణ్ణి నేను మొదటికొచ్చాను, మొదటివాడు ఏసోబన్న ముప్ఫై ఎనిమిదికి పోయాడు. మొదటివారు కడపటివారవుతారని ఒక పేరున్న వాక్యం ఉంది, మీలో కొందరికి గుర్తొస్తూ ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు రాలేదు. కావాలని చేశానని కాదు. కానీ పట్టీలో అందరికంటే పైన నా పేరు చూసుకున్నాక దాన్ని మార్చాలని మనసు రాలేదు, అదీ నిజం.

ఆ ఆదివారం అంచులకి చిల్లులున్న కంప్యూటరు కాగితం చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని, "ఇక నుంచి హాజరు కంప్యూటరు ప్రకారం" అని ప్రకటించాను. చప్పట్లు కూడా కొట్టారు. హాజరు మొదలవుతుందనగానే అలవాటు ప్రకారం ఏసోబన్న లేచి నిలబడి చొక్కా కిందికి లాక్కున్నాడు. నేను నా పేరు నేనే పిలుచుకున్నాను. హాల్లో ఇద్దరం నిలబడి ఉన్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ. ఆయన కాస్త అయోమయంగా నవ్వి కూర్చున్నాడు. నేను ఆ వారం ఏమీ బట్టీ పట్టలేదు, మొదటివాడికి ఆ అవసరం ఏముంది? హాయిగా కన్నీళ్ల వాక్యం చెప్పేశాను.

ముప్ఫై ఏడు పేర్ల తర్వాత ఏసోబన్న పేరు వచ్చింది. లేచాడు. చొక్కా లాక్కోలేదు. నా వంక చూసి, "నాది నువ్వు చెప్పేశావు గదా తమ్ముడూ" అన్నాడు. హాలు గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, రూలు ప్రకారం ఆబ్సెంటు వేశాను.

తర్వాతి వారం ఆయన ఎవరిచేతో చెప్పించుకుని ప్రార్థన గురించిన రెండు మాటల వాక్యంతో వచ్చాడు. నాలుగో పేరువాడు అది ముందే చెప్పేశాడు. ఆ పై వారం సంతోషం గురించినది నేర్చుకొచ్చాడు. దాన్ని ఏడో పేరువాడు ఎత్తుకుపోయాడు. వెనక బెంచీలో కూర్చుని ఒక్కొక్కరు లేచినప్పుడల్లా ఏసోబన్న ఊపిరి బిగబట్టడం నాకు కనిపిస్తూనే ఉంది. అవునండీ, వెనక బెంచీ. ఆఖరి పేరు వాడికి ముందు బెంచీ ఎందుకనుకున్నాడో ఏమో, అక్కడికి మారిపోయాడు. నేను ఆ మూడు వారాలూ కన్నీళ్ల వాక్యమే చెప్పాను. మూడో ఆబ్సెంటు పడగానే నా ప్రోగ్రాం తన పని తాను చేసుకుపోయింది. నాలుగో ఆదివారం నోటీసు బోర్డు మీద నేను అంటించిన పట్టీలో ముప్ఫై ఏడు పేర్లే ఉన్నాయి. ఏసోబన్న రాలేదు. ఆ రెండు సంగతులూ నేను గమనించలేదు.

గమనించింది నర్సక్క. టీ దగ్గర నన్ను పక్కకి లాగి, "ఏసోబన్న ఏడి?" అంది.

"పట్టీలో లేడక్కా" అన్నాను. నిజంగా అదే అన్నాను, ఎంత సిగ్గుగా ఉన్నా చెప్పాలి కదా.

"పట్టీలో లేకపోతే మనిషి లేడా? ఈ హాలు మనకి రావడానికి ఈ చర్చి అంకుల్స్ చుట్టూ ఆర్నెల్లు తిరిగింది ఎవరనుకున్నావు? నీ కంప్యూటరా?" ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "డిసెంబరుతో ఆయన పర్మిట్ అయిపోతుంది, ఇంటికెళ్లిపోతాడు. మూడు వారాల్లో మన వార్షికోత్సవం. ఆయన పేరు లేకుండా హాజరు పిలుస్తావా? వెళ్లు. ఆయన్ని తీసుకురాకుండా నాకు నీ మొహం చూపించకు."

టీ చల్లారిపోయింది. నేను తాగలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం జురాంగ్ ఈస్ట్‌లో రైలు దిగి, బస్సెక్కి, డార్మిటరీకి వెళ్లాను. గదిలో పది మంచాలు, మంచం మీద మంచం. ఏసోబన్న కింది మంచం మీద కూర్చుని పని బట్టలకి గుండీ కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి, మంచం దులిపి, "రండి సెక్రటరీ గారూ, కూర్చోండి" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా తినేవాణ్ణి. ఎప్పుడూ "తమ్ముడూ, ఒరేయ్" అని పిలిచే మనిషి "గారూ" అనేసరికి ఆ దులిపిన మంచం మీద కూర్చోలేక నిలబడే ఉన్నాను.

"అన్నా, పొరపాటైంది. ఇంగ్లీషు అక్షరాల్లో నీ పేరు వైతో వస్తుంది, అది ఇరవై అయిదోది. అందుకని ఆఖరికి పోయింది" అన్నాను.

ఆయన సూది పక్కన పెట్టాడు. "నాకో సందేహం. నేను బళ్లో ఎంత చదివానో తెలుసా? అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, రు, రూ, ఎ, ఏ. నా పేరులో అక్షరం వచ్చింది గదాని అక్కడ ఆపేశా, గేదెల్ని తోలుకుని పోయా. తర్వాత అక్షరాలు ఎట్టా ఉంటయ్యో నాకు తెలవదు. కానీ నా అక్షరం ముందే వస్తదని మాత్రం తెలుసు. దాన్ని ఆఖరికి ఎట్టా పంపిచ్చారు సెక్రటరీ గారూ?"

పెద్ద పెద్ద కంపెనీల తేదీలు దిద్దేవాణ్ణి, ఇదీ అలాగే దిద్దేద్దామనుకున్నాను. "రేపే పాత వరసకి మార్చేస్తానన్నా. ఆ ఆబ్సెంట్లు కూడా తీసేస్తా. రెండు నిమిషాల పని" అన్నాను.

"వద్దు." అంతవరకూ మెత్తగా ఉన్న మనిషి గట్టిపడ్డాడు. "ఆ రూలు పెట్టింది నేను. మొదట్లో మనోళ్లు సంతకం పెట్టి బీచికి పోతంటే పెట్టా. ఎంతమంది పేర్లు కొట్టేశానో! నా దాకా వచ్చేసరికి రబ్బరెట్టి తుడిస్తే మొగోణ్ణేనా? ఆఖర్న పిలుస్తావా, ఆఖర్నే పిలువు. ఎవురూ చెప్పనంత పెద్ద వాక్యం నేర్చుకుని వస్తా. కాకపోతే చదివి పెట్టేవాళ్లు లేరు. మా గదిలో అందరివీ వేరే వేరే షిఫ్టులు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "నేను క్యాసెట్లో చదివి ఇస్తానన్నా! ఏది కావాలో చెప్పు."

ఆయన అడిగింది కొండల వైపు చూసే కీర్తన. ప్రయాణమయ్యేవాళ్ల తల మీద చెయ్యిపెట్టి వాళ్లమ్మ చెప్పేదట. ఇంటికి పోయేముందు అది నోటికి రావాలని ఆయన కోరిక. ఒక్క వాక్యం కాదు, కీర్తన మొత్తం. "ఎవురికీ చెప్పమాకండి. రాకపోతే నవ్వులపాలవుతా" అని ఒట్టు వేయించుకున్నాడు. క్యాసెట్టు ప్లేయరు పక్క మంచం అబ్బాయి ఇస్తానన్నాడు.

నేనుండేది బుకిట్ పంజాంగ్‌లో. బుకిట్ అంటే మలయ్‌లో కొండ. పదమూడో అంతస్తు కిటికీలోంచి ఎంత చూసినా నాకు ఎదురు బ్లాకులో ఆరేసిన బట్టలే కనిపించేవి. ఆ కిటికీ పక్కన టేప్‌రికార్డరు పెట్టుకుని ఆ రాత్రి భోజనాల ముందు కూర్చున్నాను. మా రూమ్మేటు (నెల్లూరు మనిషి, వంట అతని వంతు) వంటింట్లో ఉన్నాడు. ముందు పదిసార్లు చదివి చూసుకుని, తెలియని మనిషికి నేర్పుతున్నట్టు నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి, కాస్త రాగంగా చదివాను. ఒకే ఊపులో అయిపోయింది. తిరిగి విందామనుకున్నాను గానీ అన్నానికి పిలిచాడు. పరీక్షించి చూడకుండా పని అయిపోయిందనుకోవడం మా వృత్తిలో ఉన్న జబ్బు. మర్నాడు పొద్దున్నే డార్మిటరీకి వెళ్లి క్యాసెట్టు అందజేశాను. ఆ ఆదివారమూ, పై ఆదివారమూ ఆయన సమాజానికి రాలేదు. నేర్చుకుంటున్నాడో, మానేశాడో తెలియదు. ఆ రెండు వారాలు నాకు ఆఫీసులో రెండంకెలకీ నాలుగంకెలకీ తేడా తెలియలేదంటే నమ్మండి.

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో మాకు హాలు ఇచ్చిన చర్చి పెద్దలు, తెల్ల చొక్కాల్లో, ఒక్క ముక్క తెలుగు రాకపోయినా చిరునవ్వులతో కూర్చున్నారు. వెనక బెంచీలో, ఇస్త్రీ చేసిన నీలం చొక్కాలో, ఏసోబన్న. నాకు గంతులేయాలనిపించింది. ఆయన నా వంక చూడలేదు. పెదాలు మాత్రం కదుపుతున్నాడు.

నేను పట్టీ తీసుకుని నిలబడబోతుంటే నర్సక్క చెవిలో చెప్పింది. "ఇవాళ కన్నీళ్ల వాక్యం నువ్వు ముట్టుకోవద్దు. అందరికీ చెప్పేశాను, ఎవ్వరూ చెప్పరు. హాకర్ సెంటర్లో తినడానికెళ్తే కుర్చీ ఇంకెవరూ తీసుకోకుండా టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తాం చూడు, అలాగ. అది ఏసోబన్నకి చోప్ చేసేశాం. పాపం, ఆఖర్లో లేచి అదే చెప్పుకుంటాడు."

ఏసోబన్న కీర్తన నేర్చుకున్నాడని ఆవిడకి తెలియదు, చెప్పనని నేను ఒట్టేశాను. అది అలా ఉంచండి, మొదటి పేరు నాది. నేను ఆ రోజూ కన్నీళ్ల వాక్యం మీదే ధీమాగా వచ్చాను! ఇంకో వాక్యం సిద్ధంగా లేదు. ఆలోచించుకోవడానికి అర నిమిషం కూడా లేదు. పెద్దలు చిరునవ్వుతో చూస్తున్నారు. నా పేరు నేను పిలుచుకున్నాను. లేచి నిలబడే ఉన్నాను కాబట్టి లేవడానికి పట్టే సమయం కూడా కలిసిరాలేదు.

నోరు తెరిచాను. లోపల ఏముందో అదే బయటికొచ్చింది. కొండల కీర్తన. పదిసార్లు ముందే చదివి చూసుకుని రికార్డు చేసినదాయె, దానంతటదే గడగడా వస్తోంది. పెద్దలు తలలూపుతున్నారు. రెండు వాక్యాలు దాటి మూడోదానిలో పడ్డాక వెనక బెంచీ మీద నా చూపు పడింది. ఏసోబన్న పెదాలు కదపడం ఆపేశాడు. రెండు చేతులూ ముందు బెంచీ అంచు మీద పెట్టి, తల దించేశాడు.

ఒరేయ్ వెధవా, అది ఆయనది! మళ్లీ తీసేసుకుంటున్నావు!

అక్కడే ఆపేశాను. ఎత్తుకున్నది ముగించకుండా ఆపితే రూలు ప్రకారం ముందు చెప్పిందీ లెక్కలోకి రాదు, మొత్తం ఇంకొకరికి మిగిలే ఉంటుంది. హాలంతా ఎదురుచూస్తోంది. "మర్చిపోయాను" అన్నాను. మా కీబోర్డు వీరులు కిసుక్కున నవ్వారు. ప్రపంచాన్ని కాపాడేవాడికి నాలుగు మాటలు గుర్తులేవని ఎవరో గొణిగారు. నర్సక్క కళ్లు పెద్దవి చేసి చూసి, నా చేతిలో కాగితం తీసుకుని, నా పేరు ఎదుట పెన్నుతో ఆబ్సెంటు వేసి, తిరిగి నాకిచ్చింది. సెక్రటరీకి ఆబ్సెంటు, అదీ వార్షికోత్సవంలో, అదీ పట్టీలో మొట్టమొదటి పేరుకి. మిగతా పేర్లు ఎలా పిలిచానో నాకు తెలియదు.

ఆఖరికి నర్సక్క తన చేత్తో రాసి చేర్చిన పేరు పిలిచాను. ఏసోబన్న లేచాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు. ఆయన మూడు మాటల వాక్యం కోసం అందరూ నవ్వు మొహాలతో ఎదురుచూస్తున్నారు. ఆయన కొండల కీర్తన అందుకున్నాడు.

ఏమి చెప్పాడండీ! ఒక్క మాట తడబడలేదు. ఓడ రేవులో పిలిచే గొంతు అది, హాలు సరిపోలేదు. నేను క్యాసెట్లో ఎక్కడ ఊపిరి తీసుకున్నానో ఆయన అక్కడే తీసుకున్నాడు. నేను ఎక్కడ రాగం దీస్తే అక్కడ తీశాడు. ఎండ దెబ్బ మాట దాటి వెన్నెల దగ్గరికి రాగానే, అదే రాగంలో, అంతే గంభీరంగా, "ఒరేయ్, రసం పొంగుతోంది, మంట తగ్గించు!" అన్నాడు.

హాల్లో పైకప్పు లేచిపోయేట్టు నవ్వులు. ఏసోబన్న చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "అది వాక్యం కాదు. అది సెక్రటరీ గారి వంటింట్లోది. క్యాసెట్లో అట్టానే ఉంటే నాలికకి అంటుకుపోయింది" అని, ఏమీ జరగనట్టు వెన్నెల దగ్గర్నించి ఎత్తుకుని చివరి మాట దాకా చెప్పి ముగించాడు. చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో చైనీస్ అంకుల్ ఒకాయన ఏమర్థమైందో గానీ లేచి నిలబడి, "వెరీ గుడ్ లా, వెరీ గుడ్!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. నర్సక్క ప్రెజెంటు వేసి, పక్కన ఆవిడకే తెలిసిన ఏదో పెద్ద గుర్తు పెట్టింది.

ఏసోబన్న కూర్చోలేదు. "నర్సమ్మా, ఒక మాట. మా తమ్ముడు మర్చిపోలేదు. ఇంత పొడుగూ క్యాసెట్లో చదివినోడు ఈడెట్టా మరిచిపోతాడు? నా కోసరం ఆపాడు. కన్నీళ్ల వాక్యం ఇవాళ ఎవురూ చెప్పలేదు గదా. అది మా అమ్మ నాకిచ్చింది. నేను వాడికిస్తన్నా. చెప్పనీయండి."

మళ్లీ తమ్ముణ్ణి అయ్యాను. నాకు ఇంకేమీ వినబడలేదు. నర్సక్క రూలు ఆలోచించి, "హాజరు ఇంకా ముగించలేదు కాబట్టి చెప్పొచ్చు" అని తీర్పిచ్చింది. లేచాను. మూడు మాటలు. మూడంటే మూడే, మూడు వారాలు వరసగా చెప్పినవే. మొదటి మాట పెదాల దాకా వచ్చింది, అక్కడ గొంతు పూడుకుపోయింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. వెనక నుంచి ఏసోబన్న, "చెప్పరా తమ్ముడూ, చిన్నదే గదా" అంటున్నాడు. ఆ మాటతో ఉన్న కాస్త గొంతూ పోయింది.

నర్సక్క చాలాసేపు ఆగింది. నాకు తెలిసి అంతసేపు ఎవరి కోసమూ ఆగలేదు. తర్వాత, "వాక్యం చేసి చూపించావు గానీ చెప్పలేదు. ఆబ్సెంటే" అంది. ముప్ఫై ఏడు మంది నవ్వారు. ఏడుస్తూనే నేనూ నవ్వాను.

క్రిస్మస్ ముందు ఏసోబన్న వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో నా తల మీద చెయ్యిపెట్టి కొండల కీర్తన మొత్తం చెప్పాడు, ప్రయాణం ఆయనదే అయినా. జనవరి వచ్చింది, విమానాలు దారి తప్పలేదు, లిఫ్టులు ఆగలేదు. మేము కాపాడబట్టేనని ఇప్పటికీ మా ఇంట్లో చెబుతుంటాను, ఎవరూ నమ్మరు. ఏసోబన్న వాళ్ల పల్లెలో కూడా యవనస్తుల సమాజం పెట్టాడనీ, హాజరు పట్టీలో తన పేరు ఆఖర్న రాయించుకుని, పొట్టి వాక్యాలన్నీ పిల్లలకి వదిలేశాడనీ, ఏటా రెండు కొత్త కీర్తనలు మనవడి చేత చదివించుకుని నేర్చుకుంటున్నాడనీ విన్నాను. విన్న ప్రతిసారీ ఆ మనిషి నా చేత క్యాసెట్టు చేయించుకున్నవాడని ఎదురుపడినవాళ్లకల్లా చెబుతాను.

ఇప్పుడు సింగపూర్‌లోనే టాంపినీస్‌లో ఉంటున్నాం. యవనస్తుల సమాజం నన్ను పెద్దల బెంచీకి ఎప్పుడో తోసేసింది, తల మీద వెనక్కి తోయడానికి జుట్టు కూడా మిగల్లేదు. మొన్న అలమార సర్దుతుంటే చిల్లుల అంచుల కాగితం ఒకటి మా అమ్మాయి చేతిలో పడింది. పైన నా పేరు, దాని ఎదుట పెన్నుతో ఆబ్సెంటు.

"నాన్నా, యూ వర్ ద సెక్రటరీ, రైట్? లిస్టు పట్టుకుని అందర్నీ పిలిచింది నువ్వే కదా? దెన్ హౌ కెన్ యూ బి ఆబ్సెంట్? సో ఫన్నీ లా!"

"నువ్వు చూసిన నా మార్కుల లిస్టులు, సర్టిఫికెట్లు అన్నీ పక్కన పెట్టమ్మా" అన్నాను. "మీ నాన్న ఇంత గొప్పవాడని రాసి ఉన్న కాగితం ఇదొక్కటే."

అది నవ్వుకుంటూ ఫోటో తీసుకుంది. ఆ కాగితాన్ని నేను మడత పెట్టబోతే కళ్లద్దాలు మసకేశాయి. మూడు మాటల వాక్యం ఇప్పటికీ నా గొంతులోంచి పూర్తిగా బయటికి రాదు.